గదికో ఫోను

ఆ ప్రెస్సులో గదికో ఫోను ఉండేది. ఐదు గదులకూ కలిపి లైను మాత్రం ఒక్కటే. యజమాని పిసినారితనానికి అంతకంటే సాక్ష్యం అక్కర్లేదు. గంట మోగితే అన్ని గదుల్లోనూ మోగేది, అందరూ ఎత్తేవారు. ఎవరికొచ్చిందో తెలియగానే మిగతావాళ్లు పెట్టేసేవారు. పెట్టకపోతే అవతలి గొంతు సన్నబడిపోతుందని అందరికీ తెలుసు.

ఆ రోజు పొద్దుటినుంచీ బైండరుకు చేతులాడలేదు. తల్లి పోయాక తనను పెంచిన అక్క పొరుగూరి ఆసుపత్రిలో ఉంది. అతని పెళ్లప్పుడు మాటామాటా పెరిగి, ఇద్దరికీ ఏళ్ల తరబడి మాటల్లేవు. "ఆపరేషనుకి ముందు నీతో ఒక్క మాట చెప్పాలంటోందిరా. ప్రెస్సుకే ఫోన్ చేయిస్తా" అని బావ కబురు పెట్టాడు. బయల్దేరదామంటే యజమాని సెలవివ్వలేదు.

సంగతి తెలిసి ఆ పూట ఎవరూ ఫోను ముట్టలేదు. ముందు గదిలో కూర్చునే వదిన, అంటే ప్రెస్సు మొత్తానికీ వదినే, బేరానికి వచ్చినవాళ్లను కూడా ముట్టనివ్వలేదు.

గంట మోగింది. జిగురు చేతులతోనే ఎత్తాడు.

"తమ్ముడూ..."

ఆ తర్వాత మాట అందలేదు.

"అక్కా, వినపడట్లేదే. కాస్త గట్టిగా చెప్పు."

ఆమె మళ్లీ చెప్పింది. ఆయాసం తెలుస్తోంది, మాట తెలియడం లేదు. ఇంకోసారి చెప్పమన్నాడు. లేవలేని మనిషిని అలా కష్టపెడుతూనే ఉన్నాడు, లైన్లో ఎవరో దగ్గేదాకా. మిషన్ గదిలోని పెద్దాయన దగ్గు అది. అంటే ఎవరూ పెట్టెయ్యలేదు!

"పెట్టేయండయ్యా, మీకు దణ్ణం పెడతాను!"

టక్కుటక్కుమని ఒక్కొక్కటే పెట్టేశారు. గొంతు చెవి పక్కన ఉన్నంత దగ్గరికొచ్చింది. అది బావ గొంతు.

"లోపలికి తీసుకెళ్లిపోయార్రా. నీకు చెప్పేశానని నిమ్మళంగా వెళ్లింది. విన్నావుగా?"

"విన్నాను బావా."

ఎవరికో ఒకరికి ఒక్క ముక్కైనా అంది ఉంటుందని, ఫోను పెట్టేసి గదిగదికీ తిరిగాడు. "ఏమందో చెప్పండి. నాకేం కోపం లేదు" అని బతిమాలాడు.

"నేనసలు ఎత్తనే లేదు" అంది వదిన, తలెత్తకుండా.

"నీ గొంతు వినగానే పెట్టేశాన్రా" అన్నాడు పెద్దాయన. అని దగ్గాడు.

అందరూ మంచివాళ్లే. బెంగ కొద్దీ విన్నారు, సిగ్గు కొద్దీ దాచారు. ఆ మంచితనం తగలెయ్య!

సాయంత్రం ఐదు గదుల్లోనూ మళ్లీ గంట మోగింది. ఎవరూ కదల్లేదు. బైండరు ఒక్కడే ఎత్తాడు. బావ ఏడుపు ఎంత స్పష్టంగా వినిపించిందో.