నాన్న గదిలో వాసనకు ఇంగ్లీషు

బిల్డింగు ఆఫీసువాళ్లు నా అర్జీని మూడోసారి తిప్పి పంపారు. "బ్యాడ్ స్మెల్" అంటే చాలదట, ఎలాంటి వాసనో ఇంగ్లీషులో వివరంగా రాస్తేనే ప్లంబర్‌ని పంపుతారట. ఇంట్లో ఇంగ్లీషు వచ్చినదాన్ని నేనే కాబట్టి అది నా ప్రాణం మీదికొచ్చింది.

వాసన నాన్న పడుకునే గదిలో. కింద మురుగు పైపు పోతుంది కనుక అదేనన్నారు అందరూ. ఆదివారంలోగా బాగవకపోతే నాన్నను అన్నయ్య ఇంటికి పంపుదామని మా ఆయన తేల్చేశారు. "ఈ గది వదిలి రానమ్మా" అని నాన్న దుప్పటి కప్పుకున్నాడు. పంపడం నాకూ ససేమిరా ఇష్టం లేదు.

మనకు కంపుల్లో ఎన్ని రకాలని! నీచు కంపు, పాచి కంపు, కమురు కంపు, ముక్కిపోయిన కంపు. డిక్షనరీ తిరగేస్తే అన్నింటికీ తిప్పి తిప్పి అవే రెండు మాటలు. ఒళ్లు మండింది.

"ఎలుక చచ్చిందని రాసెయ్" అన్నారు మా ఆయన.

"కాదమ్మా, పండు కుళ్లిన వాసన" అంది మా అమ్మాయి.

నాకేమో ఏదీ తేలలేదు. బుర్ర తిరిగిపోయింది. ఇన్నాళ్లూ ముక్కు మూసుకుని లోపలికెళ్లి వచ్చేవాళ్లమే తప్ప, సరిగ్గా వాసన చూసిందెవరు?

డిక్షనరీ మూసేసి, కాగితం పట్టుకుని గదంతా మూల మూలా వాసన చూశాను. కిటికీ దగ్గర లేదు. తూము దగ్గరా లేదు, ఇదేం చోద్యం! మంచం దగ్గరుంది. తలగడ వైపు తక్కువ, కాళ్ల వైపు ఎక్కువ. తియ్యగా, బాగా మగ్గిన పండులా. ఒక్కో ముక్కా ఇంగ్లీషులో రాసుకుని, సరిగ్గా ఉందో లేదోనని నాన్నకు తెలుగులో చదివి వినిపించాను. "కాళ్ల వైపు" అనగానే ఆయన కాళ్లు ముడుచుకున్నాడు.

"దుప్పటి తియ్యి నాన్నా."

"ఏం లేదమ్మా. పైపే అది."

నేనే లాగేశాను. ఎడమ మడమకు పాత గుడ్డ చుట్టి ఉంది, తడిసి. అసలే షుగరు మనిషి.

"చెబితే ఆస్పత్రిలో పడేస్తారు. మళ్లీ ఇక్కడికి తెస్తారో లేదోనని..."

కోపం, ఏడుపు ఒక్కసారే వచ్చాయి నాకు.

ఆస్పత్రిలో డాక్టరమ్మ ఏమైందని అడిగితే ఆ కాగితమే ఇచ్చాను. ఆమె మొత్తం చదివింది.

"బాగా రాశారు. ఈ వాసన ఎప్పట్నుంచి?"

మొదటి అర్జీ తేదీ నాకు నోటికొచ్చు.

"ఇరవై రెండు రోజులు" అన్నాను. ఆమె మా నాన్న కాలు వైపు చూసింది, నా వైపు చూడలేదు.