దరఖాస్తులో ఆఖరి వాక్యం

కాజీపేట రైల్వే ఆఫీసులో ముప్పై నాలుగేళ్లు క్లర్కుగా చేసి రిటైరైన నబీకి చుట్టుపక్కల ఒక పేరుంది. దరఖాస్తు రాయాలంటే ఆయనే రాయాలి. పింఛను ఆగినవాళ్లూ, కరెంటు మీటరు పేరు మార్చుకోవాల్సినవాళ్లూ తెల్లకాగితం పట్టుకుని ఆయన గేటు తట్టేవాళ్లు.

సుబేదారి దాటాక కొత్తగా పెరిగిన కాలనీలో ఆయన ఇల్లు. పదకొండేళ్ల కింద కట్టుకున్నప్పుడు అక్కడ పట్టుమని పన్నెండిళ్లు లేవు. ఇప్పుడు అపార్టుమెంట్లే ఏడు. రోడ్డు వెడల్పు చేశారు, మలుపులో సూపర్ మార్కెట్ వచ్చింది. ఆ మలుపులోనే, సూపర్ మార్కెట్ కంటే ఎంతో ముందు నుంచి, కట్టమ్మ ఇస్త్రీ బండి ఉంది. ఆమె, ఆమె భర్త సారయ్య రఘునాథపల్లి నుంచి వచ్చినవాళ్లు. సారయ్య సైకిలు మీద ఇల్లిల్లూ తిరిగి బట్టలు తెచ్చేవాడు. కట్టమ్మ పొద్దున్నే బొగ్గులు రాజేసిందంటే సాయంత్రం దాకా నిలబడే ఉండేది. నబీ కూతురు ఆఫ్రీన్ నిఖాకు ఇంటినిండా చుట్టాలు దిగితే, అందరి బట్టలూ ఒక్క పూటలో చేసిచ్చింది.

ఏప్రిల్‌లో కాలనీ సంఘం ప్రెసిడెంటు హరికృష్ణ నబీ ఇంటికి వచ్చాడు. మలుపులో బండికి తగిలి తన కారు గీసుకుపోయిందన్నాడు. బొగ్గుల పొగ బాల్కనీల్లోకి వస్తోందని అపార్టుమెంటు వాళ్లు గొడవ చేస్తున్నారన్నాడు.

"ఆ బండిని తీపియ్యాలె సార్. సంతకాలు అందరం పెడతం. రాసుడు మాత్రం మీరే. మీ అంత పద్ధతిగ ఈ కాలనీల ఎవలు రాస్తరు?"

అంతకు వారం ముందే నబీని సంఘం సెక్రటరీని చేశారు. మీటింగులో ముందు వరస కుర్చీ, పేరు వెనక 'గారు'. రిటైరయ్యాక మొదటిసారి మళ్లీ ఒక హోదా దొరికినట్టు అనిపించింది ఆయనకు. కాదనలేకపోయాడు.

"వాళ్లకు ఇంకో జాగ చూపెట్టుమని గూడ రాస్త" అన్నాడు.

"మీ ఇష్టం సార్. గని జర గట్టిగుండాలె" అన్నాడు హరికృష్ణ.

ఆ మధ్యాహ్నమే రాశాడు. రోడ్డు ఇరుకవుతోందని, పొగ వస్తోందని. చదువుకుంటే చప్పగా ఉంది. అంత చప్పటి కాగితాలు ఆఫీసుల్లో ఎన్ని మూలన పడతాయో ఆయనకు తెలుసు. ఆఫీసరు దాన్ని పక్కన పెట్టకుండా ఉండాలంటే చివర్లో కొంచెం భయపెట్టే మాట ఉండాలి. 'సాయంత్రం వేళ బండి దగ్గర తాగుబోతులు గుమిగూడుతున్నందున ఆడవాళ్లు ఆ దారిన నడవడానికి భయపడుతున్నారు' అని చేర్చాడు. సంతకాల చోటు పోను దాంతో కాగితం నిండిపోయింది. ఇంకో జాగా సంగతి రాయడానికి చోటు మిగల్లేదు. రెండో కాగితం తీసుకోవచ్చు. తీసుకోలేదు.

పన్నెండు రోజులకు ఓ పొద్దున పాల ప్యాకెట్ కోసం బయల్దేరిన నబీకి మలుపులో మున్సిపల్ లారీ కనిపించింది. నలుగురు మనుషులు బండిని పైకెత్తుతున్నారు. ఎర్రటి బొగ్గులు రోడ్డు మీద చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. కట్టమ్మ మడతపెట్టిన బట్టల దొంతర గుండెలకు హత్తుకుని, ఒక్కటి కూడా కింద పడకుండా, ఎక్కడ పెట్టాలో తెలియక అటూ ఇటూ చూస్తోంది. నబీ వెనక్కి తిరిగి పక్క గల్లీలోంచి ఇంటికి వచ్చేశాడు.

"పాలేవి?" అంది భార్య దిల్షాద్ బేగం.

"దొరకలే" అన్నాడు.

సాయంత్రం కట్టమ్మా సారయ్యా వచ్చారు. కట్టమ్మ చేతిలో తెల్లకాగితం.

"జర మాకు దరఖాస్తు రాసియ్యి సాబ్" అంది. "ఆఫీసుకు పోతే చదివి వినిపిచ్చిండ్రు. మా బండికాడ తాగుబోతులు జమైతాండ్రట. నువ్వే చెప్పు, ఇన్నేండ్ల సంది చూస్తానవు గదా. ఈయన బీడి గూడ ముట్టడు. బండి పోతే పాయె, ఇంకోటి చేపిచ్చుకుంటం. గా మాటేంది సాబ్? మా బిడ్డ నవ్య కాలేజికి పోతది. మీ అమ్మ బండికాడ తాగుతరట గదా అని కాలనీ దోస్తులు అడిగిండ్రట. కాలేజి నుంచి వచ్చిన సంది అన్నం ముట్టలేదు పిల్ల."

చాయ్ తెచ్చిన దిల్షాద్ గుమ్మంలోనే ఆగిపోయింది. "ఎవలో గని, ఇంత అబద్ధం రాయనీకి చెయ్యెట్ల వచ్చిందో" అంది.

నబీ కలం తీశాడు. అప్పుడే చెప్పేద్దామనుకున్నాడు. దిల్షాద్ లోపలికి పోయాక చెబుదామనుకున్నాడు. దరఖాస్తు పూర్తయ్యాక చెబుదామనుకున్నాడు. పూర్తయింది. తన జన్మలో అంత బాగా ఏదీ రాయలేదు. కట్టమ్మ వేలిముద్ర వేసి, కాగితాన్ని కళ్లకద్దుకుంది.

"రేపు నువ్వు గూడ రా సాబ్. నీ మాటైతే ఇంటరు."

వస్తానన్నాడు.

మర్నాడు వార్డు ఆఫీసులో సరస్వతి అనే ఆఫీసరు వాళ్లను కూర్చోమంది. కాగితం తీసుకుని చదివింది. బీరువాలోంచి ఫైలు తెప్పించి, అందులోని పాత కాగితం పక్కన పెట్టి చూసింది. మళ్లీ ఇది, మళ్లీ అది.

"ఇది ఎవరు రాసిండ్రు?"

"మా సాబే రాసిండు మేడం" అంది కట్టమ్మ. ఆ మాట అంటుంటే ఆమె గొంతులో కొంచెం గర్వం కూడా ఉంది.

సరస్వతి పాత కాగితం నబీ వైపు తిప్పింది. "మరి ఇది?"

కింద ఇరవయ్యారు సంతకాలు. సంఘం వాళ్లు రాశారు అనొచ్చు. కట్టమ్మకు చదువు రాదు, నమ్ముతుంది. ఆ మాట అనడానికే నబీ నోరు తెరిచాడు. పక్కనుంచి కట్టమ్మ ఆయన వైపే చూస్తోంది, తన తరఫున ఏదో గట్టి మాట చెప్పబోతున్నాడని.

"అది గూడ నేనే రాసిన మేడం" అన్నాడు. "రోడ్డు సంగతి నిజమే. తాగుబోతుల మాట మాత్రం అబద్ధం. నేనే కల్పిచ్చి పెట్టిన."

"ఏం రాసినవ్ సాబ్?" అంది కట్టమ్మ, అర్థం కాక.

సారయ్యకు ముందు అర్థమైంది. ఆయన లేచాడు. "పా, పోదాం" అన్నాడు భార్యతో. ఆమె కదల్లేదు. నబీ ముఖం లోకి చూస్తూ కూర్చుంది. నబీ బల్ల మీది పేపర్ వెయిట్ వైపు చూశాడు.

"రోడ్డు గురించైతే ముందు నోటీసిచ్చి, వేరే జాగ చూసేటోళ్లం" అంది సరస్వతి. "ఈ ఆఖరి వాక్యం వల్లనే నోటీసు గూడ ఇయ్యకుండ తీసేసిండ్రు. ఇప్పుడు చెప్పింది రాసిస్తరా?"

రాసిచ్చాడు. మూడు వాక్యాలకు అరగంట పట్టింది. బయటికి వచ్చి చూస్తే కట్టమ్మా సారయ్యా లేరు.

ఇంటికి వెళ్లి దిల్షాద్‌కు తనే చెప్పాడు. ఆమె అరవలేదు. "నిన్న నా ముందటనే కూసోని రాసినవు" అంది. "వాళ్లకు చాయ్ ఇచ్చింది నేను. ఇంక ఆమె మొకం నేనెట్ల చూడాలె?" రెండు రోజులు అన్నం పెట్టింది గానీ మాట్లాడలేదు. హరికృష్ణ ఫోన్ చేసి సంఘం పరువు తీశారన్నాడు. వేరే సెక్రటరీని పెట్టుకున్నారు. అందుకు నబీకి బాధ కలగలేదు. బాధంతా ఇంకో చోట ఉంది.

మూడు వారాలకు కట్టమ్మకు వాటర్ ట్యాంకు పక్క గల్లీలో జాగా ఇచ్చారు. బండి తిరిగొచ్చింది. సారయ్య సైకిలు మళ్లీ కాలనీలో తిరుగుతోంది. నబీ గేటు ముందు మాత్రం ఆగడం లేదు. రోజూ ఆ బెల్లు చప్పుడు దగ్గరికి రావడం, దాటిపోవడం వరండాలో కూర్చుని వినేవాడు.

ఒక పొద్దున ఆయనే అక్కడికి వెళ్లాడు. గిరాకీ పోయేదాకా దూరంగా నిలబడి, దగ్గరికి వచ్చాడు.

"తప్పయింది కట్టమ్మా" అన్నాడు.

కట్టమ్మ ఇస్త్రీ పెట్టె పక్కన పెట్టింది.

"గా మాట నీకెట్ల తట్టింది సాబ్?" అని అడిగింది. గొంతులో కోపం లేదు. నిజంగానే తెలుసుకోవాలని అడుగుతోంది. "నేనేమన్న తప్పు చేసిన్నా? మా మీద మనసుల ఏదన్న పెట్టుకున్నవా?"

"ఏం లేదు. ఒట్టు. కాగితం గట్టిగుంటదని రాసిన. గంతే."

ఆమె బండి మీది చొక్కా మడత సరిచేసింది.

"కోపముండి రాస్తే నాకు సమజయ్యేది" అంది. "ఏం లేకుంటనే రాసినవంటే నేనేమనుకోవాలె?"

ఇంతలో ఒకావిడ స్కూలు యూనిఫారాలు పట్టుకుని వచ్చింది. ఆయన జరిగి దారిచ్చాడు. కట్టమ్మ బట్టలు లెక్కపెట్టుకుని, పెట్టె అందుకుని పనిలో పడింది. ఇంకోసారి తలెత్తుతుందేమోనని కొంచెంసేపు నిలబడి, ఇంటికి నడిచాడు.

ఇప్పుడు దిల్షాద్ ఆదివారాలు తన బట్టల మూట తీసుకుని ట్యాంకు దగ్గరికి పోతుంది. ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకుంటారట, నవ్య పరీక్షల గురించీ, ఆఫ్రీన్ పిల్లల గురించీ. ఆ మూటలో నబీ చొక్కాలు ఉండవు. పెట్టమని ఆయన అడగలేదు.