అరవై ముక్కల పెట్టె

…ఒంటెను తీసేస్తే ఏనుగు మిగులుతుంది, రెండింటినీ ఉంచితే కొత్త ఓడకు చోటెక్కడ? ఆదోనిలో బస్సెక్కినప్పటి నుంచీ భీమసేనరావు అయ్యవారికి ఇదే ఆలోచన. ఒళ్లో రేకుపెట్టె. అగ్గిపెట్టెల మీది బొమ్మలు అట్టలకు అంటించి, కింద అంకె వేసి, తాను చేసుకున్న అరవై ముక్కలు అందులో ఉన్నాయి.

ఆటా ఆయన కల్పించిందే. తలా ఐదు ముక్కలు పంచుకుని, ఒకటి దాచుకుని, మిగతావి ఎడమ పక్కవాళ్లకు అందించాలి. తమకు వచ్చినవాటిలోనూ అలాగే ఒక్కోటి దాచుకుంటూ, చేతిలో ఐదు చేరాక, పక్కవాళ్ల దగ్గర చూడకుండా ఒకటి లాక్కోవాలి. పెద్ద అంకెలున్నవాళ్లది గెలుపు. ఏటా పెద్ద అంకెలతో ఆరు కొత్తవి వస్తాయి, ఆరు పాతవి పోతాయి. ఏవన్నది ఆయన ఒక్కడి ఇష్టం. బడిలో గానీ, అద్దెగదిలో గానీ ఆయన ఇష్టం ఎవరికీ పట్టదు. ఈ పెట్టెలో మాత్రం ఆయన మాటే చెల్లుతుంది.

పోయిన ఆదివారం ఎమ్మిగనూరులో ఆట మధ్యలో నేతగాడు రంగప్ప భార్య జయమ్మ నవ్వుతూ అంది: "మీరు వండిందే మేము తినల్ల, అంతేనా ఐవారూ? మాకూ ఒకతూరి ముక్కలు ఏరుకోనీండి."

వారమంతా ఆ మాట మెదులుతూనే ఉంది. ఏరుకోనిస్తే ఆట తనది కాకుండా పోతుంది. ఏరుకోనివ్వకపోతే ఎప్పుడో ఒకనాడు వాళ్లకు విసుగొస్తుంది. ఆ తర్వాత ఆదివారాలు ఎక్కడికి పోవాలి?

బస్సు దిగేలోగా ఒంటెతో కలిపి ఆరింటిని తీసి జేబులో వేసుకున్నాడు. ఎవరినీ అడగలేదు.

రంగప్ప ఇంట్లో మగ్గం పక్కన చాప పరిచారు. పొరుగింటి శేషప్ప వరసగా మూడాటలు గెలిచాడు. లాక్కున్న ప్రతిసారీ ఆయన చేతికి కొత్త ముక్కే వచ్చింది.

"ఏంది శేషప్పన్నా, కండ్లు మూసుకొని మరీ లాగుతాండావు?" అంది జయమ్మ.

"దేవుడు సూపిస్తాండాడమ్మా."

"దేవుడు కాదు, నీ చేతి యేళ్లు! సూడండి, కొత్తవన్నీ రొట్టె మాదిరి మందంగా ఉండాయి!"

భీమసేనరావు ముఖం వేడెక్కింది. రంగప్ప ఇచ్చిన చీరల పెట్టె అట్ట అయిపోతే, ఈసారి చెప్పుల డబ్బా మూత కత్తిరించి బొమ్మలు అంటించాడు. ఇన్నేళ్ల ఆధిపత్యం ఒక చెప్పుల డబ్బాతో కూలిపోయినట్టనిపించింది. తలెత్తేసరికి రంగప్ప పొట్ట పట్టుకుని నవ్వుతున్నాడు.

"మూడాటలూ నువ్వు దొంగగా గెలిస్తివి కదప్పా!"

"దొంగేంది? అయ్యవారు నాకోసరమే చేసుకొచ్చినాడు!"

భీమసేనరావుకూ నవ్వొచ్చింది. ముందు సన్నగా మొదలై, ఆపుకోలేనంతగా పెరిగింది. కూలిందనుకున్నది బరువు మాత్రమేనేమో, ఒళ్లు తేలికైంది.

"ఎట్లాగూ మళ్లీ అంటించల్ల," రంగప్ప లోపలి నుంచి చీరల పెట్టె తెచ్చి అన్నాడు. "కొత్తవి ఆరు, తీసేసినవి ఆరు. ఆటలో మాదిరే చేతులు మార్చుకుంటా ఒక్కొక్కటి ఏరుదాం. ఏరిన ఆరే ఇంక ఆటలో ఉంటాయి. ఫస్టు మీరే ఐవారూ."

భీమసేనరావు జేబులోవి తీసి కొత్తవాటితో కలిపాడు. పన్నెండు ముక్కలూ విసనకర్రలా విప్పి చూశాడు. ప్రతిదీ తనకు కావాలనే అనిపించింది.

తానేమీ తీసుకోకుండా, మొత్తం కట్టను ఎడమ పక్కనున్న జయమ్మ చేతికి అందించాడు.