పుట్టింటి ఇప్పగింజ

పొలం అమ్మిన రోజు ముత్తక్క ఒక్క మాట దగ్గర మొండికేసింది. కల్లూరు శివార్లలో అడవిని ఆనుకుని ఉన్న ఆ రెండెకరాల్లో ఇంకేం చేసుకున్నా సరే, ఇప్పచెట్టు మాత్రం కొట్టకూడదు. ప్లాట్లు వేసే వీరబాబు సరేనన్నాడు. అన్న మాట నిలబెట్టుకున్నాడు కూడా, పాపం. మొదలు చుట్టూ సిమెంటు అరుగు కట్టించి, చెట్టు బొమ్మను తన కాగితాల మీద అచ్చేయించుకున్నాడు. రెండువేల ఆరులో ఇంత మంచి వ్యాపారి ఎవరికి దొరుకుతాడని ముత్తక్క మురిసిపోయింది.

ఆమె పట్టుదల ఊరికే కాదు. వాళ్లింట్లో ఆడపిల్ల కాపురానికి పోతే, పుట్టింటి చెట్టు గింజ ఆమె పెరట్లో మొలవాలి. ఈ చెట్టూ అట్లా ముత్తక్క కాపురానికి వచ్చిన కొత్తలో ఆమె తల్లి తెచ్చి నాటిందే. ఆ ఏడే శ్రావణంలో కూతురు శారదను వేంసూరు ఇచ్చారు. అప్పటికి గింజలన్నీ గానుగకు పోయాయి. దాచుకుందామన్నా ఇప్పగింజ ఆగే రకం కాదు, పదిహేను రోజులు దాటితే మొలవదు.

"వచ్చే యేడు తెస్తా బిడ్డా" అని మాటిచ్చింది.

వచ్చే ఏడు పువ్వు బాగానే రాలింది. కాయ మాత్రం ఒక్కటీ నిలవలేదు. ఆ పై ఏడూ అంతే. శారద అత్తగారు నవ్వుతూనే అంటించింది, "మీ అమ్మ గింజ నడిచొస్తున్నదా ఏంది?" అని. ఆ మాట ముత్తక్క గుండెల్లో ముల్లులా దిగబడింది.

ఒక సందెవేళ అరుగు మీద కూర్చుని పైకి చూస్తుంటే ఆమెకు తట్టింది. ఆకాశం ఖాళీగా ఉంది. వెనకటికి ఈ వేళకు వాగు గట్టు మద్దిచెట్ల మీంచి గబ్బిలాలు లేచి వచ్చేవి. పువ్వు పువ్వుకూ మూతి పెట్టి, ముఖాన పసుపు పొడి పూసుకుని, కొమ్మ కొమ్మకూ తిరిగేవి. అవి ముట్టిన పువ్వే కాయయ్యేది. ఇప్పుడు వాగు రోడ్డు కింద గొట్టంలో దూరింది. మద్దిచెట్లు కలపకు పోయాయి.

ఆ గబ్బిలాలను ఆమె ఎన్ని తిట్లు తిట్టిందో. ఇప్పుడు వాటి కంపు కోసం, ఆ కీచులాట కోసం ప్రాణం కొట్టుకుంది.

"చెట్టునడిగిన గని, గబ్బిలాలను అడగకపోతి" అంది వీరబాబుతో.

"గబ్బిలాలేందక్కా! ప్లాటు చూడనొచ్చినోళ్లు ఉరుకుతరు" అని అతను నవ్వాడు.

మూడో ఏడు ఆమె ఎవరినీ అడగలేదు. పువ్వు రాలే రోజుల్లో తెల్లవారకముందే అరుగెక్కి, కిందికి వంగిన కొమ్మను పట్టుకుంది. రాలిన పువ్వులోని పొడిని వేలికి అద్దుకుని, ఇంకా కొమ్మనున్న పువ్వుల్లోంచి పొడుచుకొచ్చిన కాడలకు ఒక్కోదానికీ రాసింది. కొత్త ఇళ్లవాళ్లు పిచ్చిదేమో అనుకుంటూ వాకింగుకు పోయారు. పన్నెండు రోజులు ఆమె గబ్బిలం పని చేసింది. చేతులు లాగాయి, మెడ పట్టేసింది.

ఆ ఒక్క కొమ్మకే మూడు కాయలు నిలిచాయి. పండిన రోజే కోసుకుని, కొంగున కట్టుకుని బస్సెక్కింది.

వేంసూరులో పెరటి మూల తల్లీ కూతుళ్లు గింజలు నాటారు. తొలకరి చినుకులు పడుతున్నాయి. కొమ్మ సంగతంతా విని శారద దడి అవతలి జామాయిల్ తోటల వైపు చూసింది.

"అమ్మా, ఈడ గూడ గబ్బిలాలు లేవు. అంతా జామాయిలే. ఇది పెద్దదై పూసినా కాయెట్ల నిలుస్తది?"

ముత్తక్క లెక్క వేసుకుంది. పూతకు రావడానికి పదేళ్లకు తక్కువ పట్టదు. అప్పటికి తను ఉంటుందో ఉండదో. కళ్లనీళ్లు వచ్చాయి, తుడుచుకోలేదు.

కూతురి మట్టిచేతిని తన ఒళ్లోకి తీసుకుని చూపుడువేలు చాపించింది.

"గట్టిగ అద్దకు బిడ్డా, కాడ ఇరుగుతది. మెల్లగ, గిట్ల" అంటూ, ఇంకా మొలవని చెట్టు పువ్వుకు పొడి ఎట్లా రాయాలో నేర్పించింది.