కూర్చోవడం మరిచిన కాళ్ళు

బట్టల కొట్లో ఉద్యోగమంటే నిలబడే ఉద్యోగం. పొద్దున షట్టరు లేచింది మొదలు అది మళ్ళీ దిగేదాకా అమ్మేవాళ్ళు కూర్చోకూడదు. అసలు కూర్చోవడానికి కుర్చీ ఉంటేగా! అందరికన్నా పాత మనిషైన పెద్దక్క పిక్కల మీద నరాలు తాళ్ళలా ఉబ్బాయి. ఇలాగే నిలబడితే ఉద్యోగం మానుకోవాల్సిందేనని డాక్టరు తెగేసి చెప్పాడు. ఆవిడ గుండెల్లో రాయి పడింది. థాను విప్పి, గుడ్డను గాల్లో ఆడించి, బేరం కుదర్చడమంటే పెద్దక్కకు ప్రాణం మరి.

అందుకే అందరూ కలిసి సంఘం పెట్టుకున్నారు. కోరిక ఒక్కటే, కౌంటరు వెనక తలా ఒక స్టూలు. యజమాని కొన్నాళ్ళు మొహం చాటేసి, చివరికి మాట్లాడదాం రమ్మన్నాడు. పెద్దక్క, రిబ్బన్లమ్మే వాగుడుకాయను వెంటబెట్టుకుని వెళ్ళింది.

యజమాని మర్యాదస్తుడు. రోజూ కొట్టు తీయగానే అందర్నీ వరసలో నిలబెట్టి, "ఎదుటివాళ్ళు నిలబడి ఉండగా మనం కూర్చోకూడదు" అని వాళ్ళచేత గట్టిగా అనిపిస్తాడు.

"కూర్చోండమ్మా," అన్నాడు మెత్తటి కుర్చీలు చూపించి.

ఇద్దరూ కదల్లేదు. పంతమూ కాదు, పాడూ కాదు. ఆ కొట్లో కూర్చోవడం వాళ్ళ కాళ్ళకు తెలియదు, అంతే. యజమాని తన కుర్చీలోకి వాలబోయాడు.

"ఎదుటివాళ్ళు నిలబడి ఉండగా..." వాగుడుకాయ నోరు అలవాటు కొద్దీ ఎత్తుకుంది.

యజమాని సగంలో ఆగి, మళ్ళీ లేచి నిలబడ్డాడు. వాగుడుకాయ నాలుక్కరుచుకుని కూర్చోబోతే పెద్దక్క మోచేత్తో ఒక్కటి పొడిచింది. ఇక కూర్చునేది లేదు!

"కొనేవాళ్ళు వచ్చేసరికి మీరు కూర్చునుంటే ఏం బావుంటుందమ్మా?"

"వాళ్ళొస్తే లేస్తాం సార్. ఎవరూ లేనప్పుడు గోడలకు మర్యాద చేస్తున్నాం, అదే కష్టంగా ఉంది," అంది పెద్దక్క.

మాటలు సాగాయి. యజమాని బరువు ఈ కాలి మీంచి ఆ కాలి మీదికి మార్చాడు. బల్లకు చేరగిలబడబోయాడు.

"ఆనుకోకూడదు సార్. అదీ మీరు చెప్పిందే," అంది వాగుడుకాయ వినయంగా.

పెద్దక్క పిక్కలు లాగేస్తున్నాయి, కళ్ళు తిరుగుతున్నాయి. ఇప్పుడు కూలబడితే ఇక ఇంట్లోనే కూర్చోవాలి. పళ్ళు బిగబట్టి నిలబడింది.

"అబ్బా! రోజంతా ఎలా నిలబడతారమ్మా?" యజమాని మూలిగాడు.

"ఇలాగే సార్."

ఆయన వంగి తన పిక్కలు పిసుక్కున్నాడు. "సరే తల్లీ, స్టూళ్ళు తెప్పిస్తాను. ఇక దయచేసి కూర్చోండి!"

పెద్దక్క కూర్చుంది. సంతోషం పట్టలేక వాళ్ళ ముందే ఏడ్చేసింది.

స్టూళ్ళు వచ్చిన రోజు ఆవిడ ఇంటికి వెళ్ళేసరికి, బస్సు కండక్టరైన మొగుడు ఎప్పటిలాగే ఆవిడ కాళ్ళకని బేసిన్లో వేడినీళ్ళు పెట్టి ఉంచాడు.

"ఇవాళ నాకొద్దు. మీ కాళ్ళు పెట్టండి," అంది.

పొద్దుటినుంచీ బస్సులో నిలబడి వచ్చిన మనిషి, పాదాలు నీళ్ళలో పెట్టి హాయిగా కళ్ళు మూసుకున్నాడు.

"ఏమోయ్, మా డిపో మేనేజరు దగ్గరికి కూడా వచ్చి ఒకసారి నిలబడతావా?"