తీగ పీకిన డిస్కు

మా బావగారు డ్రైవింగ్ స్కూల్లో మాస్టారు. ఇరవై ఆరేళ్లుగా పక్క సీట్లో కూర్చుని ఊళ్లో సగం మందికి కారు నేర్పారు. ఆయన "క్లచ్ వదలకు" అని అరిస్తే పక్క కారులో వాళ్లు కూడా వదలరు. అలాంటి గొంతు. ఎవరైనా బండి మధ్యలో ఆపేస్తే "చెప్పానా, లేదా?" అంటారు. ఇంట్లో పాలు పొంగినా అదే మాట.

ఆ గొంతులో గడ్డ లేచింది. స్వరపేటిక తీసేయాలన్నారు డాక్టరు. తీశాక ఇక మాట రాదు.

ఆపరేషన్‌కి నెలా పది రోజుల గడువుంది. రోజూ వాడే మాటలన్నీ ఈలోగా ఆయన గొంతుతోనే రికార్డు చేసుకుంటే, తర్వాత ఫోన్లో నొక్కి వినిపించవచ్చని ఆస్పత్రిలో చెప్పారు. అక్కావాళ్ల ఇల్లు బస్సుల రోడ్డు మీద ఉంది. మా వెనక గది నిశ్శబ్దంగా ఉంటుంది, కంప్యూటరూ అక్కడే. అందుకని రోజూ సాయంత్రం ఇద్దరూ మా ఇంటికి వచ్చేవారు.

మొదటి రోజే బావగారు మైకు పక్కకి జరిపి అన్నారు. "ఏం మరదలా, ఈ డబ్బా ఫస్ట్ గేర్లో కొండెక్కుతోందా? గుర్రుమంటోంది."

అది బ్యాకప్ డిస్కు. ప్రతి నెలా మొదటి ఆదివారం దాంట్లోకి కంప్యూటర్ ఇమేజ్ తీస్తాను. అంటే లోపల ఉన్నదంతా, ప్రోగ్రాములతో సహా, ఉన్నది ఉన్నట్టు ఒకే మూటగా కట్టి దాచడం. కంప్యూటర్ పాడైతే ఆ మూట విప్పితే చాలు, ఆ రోజు ఎలా ఉందో అలా అయిపోతుంది. డిస్కు మోత రికార్డింగులోకి వస్తోందని తీగ పీకి, తువ్వాలులో చుట్టి, బీరువాలో దుప్పట్ల మధ్య పెట్టాను. ఆ తర్వాత వచ్చిన మొదటి ఆదివారం కూడా బావగారు రికార్డు చేస్తూనే ఉన్నారు. వచ్చే వారం తీద్దాంలే అనుకున్నాను.

ఇంకో సంగతి కూడా చెప్పాలి. అక్క రెండుసార్లు అడిగింది. "అయినవి అయినట్టు ఫోన్లో వేసెయ్యవే."

"సగం సగం ఎందుకక్కా? కుక్కర్ కూతలు, నీ దగ్గులు అన్నీ కోసేసి, పేర్లు పెట్టి, శుభ్రం చేసి ఒక్కసారే ఇస్తాగా."

"చెయ్యి, చెయ్యి. ఉతికి ఇస్త్రీ కూడా చెయ్యి."

మంగళవారం ఆపరేషన్ అయింది. గురువారం ఉదయం కంప్యూటర్ ఏదో అప్‌డేట్ చేసుకుని, నల్లబడి, ఆగి, మళ్లీ మొదలై, మళ్లీ నల్లబడింది. అరగంటసేపు అదే వరస.

ఇళ్ల ప్లాన్లు గీసే మావారికి పని ఆగిపోయింది. "డిస్కు ఎక్కడ పెట్టావోయ్? ఆ ఇమేజ్ ఎక్కించేస్తే గంటలో మునుపటిలా అయిపోతుంది" అంటూ దుప్పట్లన్నీ కింద పడేసి డిస్కు తెచ్చి, తీగ పెట్టబోయారు.

"మునుపటిలా అంటే ఎప్పటిలా?" అన్నాను.

ఆయన చెయ్యి ఆగింది. ఆ ఇమేజ్ తీసింది రికార్డింగులు మొదలవడానికి రెండు వారాల ముందు. ఆ రోజున బావగారి గొంతు బావగారి దగ్గరే ఉంది, కంప్యూటర్లో లేదు. ఇది ఎక్కిస్తే ఇప్పుడున్నదాని మీద అది పరుచుకుంటుంది. నెలా పది రోజులు తుడిచిపెట్టుకుపోతాయి.

సరిగ్గా అప్పుడే అక్క ఫోన్ చేసింది. "ఏమే, ఫోన్లోకి ఎక్కించావా? మీ బావ పలక మీద రాసి రాసి నర్సుల ప్రాణం తీస్తున్నారు. ఆ రాత దేవుడికి కూడా అర్థం కాదు. రేపు తెస్తావుగా?"

"తెస్తానక్కా" అన్నాను. ఫోన్ పెట్టేసి మంచం అంచున కూర్చున్నాను. అక్క అడిగినప్పుడే ఇచ్చేసి ఉంటే ఈ తిప్పలే ఉండేవి కావు.

కాసేపటికి లేచి నా నోటుబుక్కు తీశాను. ఇమేజ్ ఎలా తీయాలో, ఎలా ఎక్కించాలో ఎప్పుడో వరసగా రాసుకున్నాను. ఆరో వరస కింద గీత ఉంది: పాతది ఎక్కించే ముందు, ఉన్నది ఎంత పాడైనా సరే, దానికీ ఒక ఇమేజ్ తీయాలి.

"చచ్చిన కంప్యూటర్‌కి కాపీ ఎందుకోయ్?" అన్నారు మావారు.

"చావలేదండీ. లేచే దారి మర్చిపోయింది, అంతే. లోపలున్న సామాను లోపలే ఉండుంటుంది. ఈ పాత డిస్కులో చోటు లేదు, కొత్తది పట్టుకురండి."

ఆయన చెప్పులేసుకుని వెళ్లి తెచ్చారు. ఇలాంటప్పటికని చేసి పెట్టుకున్న పెన్‌డ్రైవ్‌తో కంప్యూటర్‌ని లేపి, కొత్త డిస్కులోకి ఇమేజ్ మొదలుపెట్టాను. మూడు గంటలు పట్టింది. ఇద్దరం అక్కడే పెరుగన్నం తిన్నాం. ఎంత పని అయిందో చూపించే తెర మీది గీత తొంభై ఎనిమిది శాతం దగ్గర ఆగి కదలనప్పుడు ఆయన ముద్ద నోట్లో పెట్టుకోకుండా అలాగే చూశారు. తర్వాత కదిలింది.

ఆయన వెంటనే పాత ఇమేజ్ ఎక్కించబోతే మళ్లీ ఆపాను. "ముందు మూట విప్పి చూద్దాం." మావారి పాత ల్యాప్‌టాప్‌కి కొత్త డిస్కు తగిలించి ఇమేజ్ తెరిచాను. రికార్డింగులు దాచిన ఫోల్డర్ ఉంది. నూట నలభై మూడు ఫైళ్లు. "మంచినీళ్లు" నొక్కాను. "మంచినీళ్లు ఇవ్వండి, ఐసు వద్దు" అన్నారు బావగారు. మావారు కళ్లద్దాలు తీసి చొక్కాతో చాలాసేపు తుడుచుకున్నారు.

అన్నిటికన్నా అడుగున పేరు పెట్టని ఫైలు ఒకటి ఉంది. ఆస్పత్రికి వెళ్లే ముందు రోజుది. ఆ సాయంత్రం నేను వంటింట్లో ఉన్నాను. నొక్కాను.

"మరదలా, రేపటి నుంచి నేను చెప్పలేను కాబట్టి ఇప్పుడే చెప్తున్నా. నా గోలకి డిస్కు తీగ పీకావు. మళ్లీ పెట్టు. మర్చిపోతావు నువ్వు." వెనక నుంచి కుక్కర్ కూత, దాని మీద అక్క: "ఎవరితోనండీ మాటలు?"

ఆ రోజు ఒక్క కూతా కోయలేదు. ఉన్నవి ఉన్నట్టే అన్నీ, అందుకోసమే మా దగ్గర ఉంచిన బావగారి ఫోన్లోకి ఎక్కించాను. కంప్యూటర్ సంగతి మావారికి వదిలేశాను.

మర్నాడు ఆస్పత్రిలో అక్క చేతిలో ఫోన్ పెట్టి, జరిగింది దాచకుండా చెప్పాను. అక్క ఫోన్‌ని రెండు చేతులతో పట్టుకుంది. బావగారు మెడకి కట్టుతో దిండుకి ఆనుకుని అంతా విన్నారు. ఫోన్ ఇమ్మని చెయ్యి చాపారు. పేర్ల మీద వేలు జరుపుతూ, జరుపుతూ, ఒకచోట ఆపి, నా వైపు చూసి నొక్కారు.

"చెప్పానా, లేదా?"

పక్క మంచం ఆయన ఉలిక్కిపడి లేచి కూర్చున్నాడు.