నలభై ఏడో లైను

శుక్రవారం పదకొండు గంటలకు పరీక్ష. అందులో తప్పితే ఆపరేటరమ్మ ఇరవై రెండేళ్ళుగా కూర్చున్న కుర్చీ పోతుంది.

ఉద్యోగం పోదు. అసలు భయం అదే. జీతం వస్తుంది, కానీ ఫోను మోగదు. మేడ మీద పాత కాగితాల గదిలో ఒక స్టూలు వేస్తారు. పొద్దున ఒక సంతకం, సాయంత్రం ఒక సంతకం. మధ్యలో ఎనిమిది గంటలు ఫ్యాను చప్పుడు.

ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. ఆసుపత్రి మెట్ల కింద ఉన్న టెలిఫోన్ గదిలో పాత బోర్డు మీద యాభై రెండు మీటలు. ఏ మీట వదులుగా ఉందో, దేని అంచు అరిగిందో ఆమె వేళ్ళకు కంఠతా వచ్చు. ఇప్పుడా బోర్డు తీసేస్తున్నారు. దాని బదులు టచ్ స్క్రీన్ ట్యాబ్. మీటల్లేవు, అంచుల్లేవు. చల్లటి గాజు, అంతే.

"చూడమ్మా," అన్నాడు సూపరింటెండెంటు. "మీకు ఏ ట్యాబ్ వీలో మీరే ఎంచుకోండి. ఆసుపత్రి తెప్పిస్తుంది. పదిహేను రోజుల టైము. చేతకాకపోతే మేడ మీద ప్రశాంతంగా కూర్చోండి. మీ మంచికే చెబుతున్నా."

మీ మంచికే అన్న మాట విన్నప్పుడల్లా ఆపరేటరమ్మ చేతి సంచీ ఎక్కడుందో తడిమి చూసుకుంటుంది. ఆ రోజూ చూసుకుంది.

గదిలో ఆమె పక్క కుర్చీ రేడియోది. టెలిఫోన్ గది అసిస్టెంటు అని పోస్టు. రేడియో అని ఆసుపత్రంతా ఎదురుగానే పిలుస్తుంది, ఆమె పలుకుతుంది. పదకొండేళ్ళుగా ఆమె పని ఒకటే. పొద్దున ఎనిమిదికి డ్యూటీ లిస్టు చదివి వినిపించడం. ఏ డాక్టరు ఏ వార్డులో ఉన్నాడు, ఎవరు సెలవు, ఎవరు ఎక్కడికి మారారు. చదవడానికి పావుగంట పట్టే లిస్టు రేడియో నోట్లో పడితే గంట. ఫలానా నర్సు సెలవెందుకు పెట్టిందో, ఫలానా డాక్టరుకు కొత్త బూట్లు ఎక్కడ కరుస్తున్నాయో, అన్నీ కలిపి చదివేది. నోట్లో నువ్వుగింజ నానదు.

ఆపరేటరమ్మకు లోకం అందేది ఆ గంటలోనే. ఇంటికెళితే మేడ మీద ఒంటి గది. కింద వాటా వాళ్ళ కుళాయి చప్పుడును బట్టి వాళ్ళ భోజనాలు అయ్యాయో లేదో తెలిసేది. ఆదివారం తమ్ముడి ఫోను. బాగున్నావా, తిన్నావా, ఉంటానక్కా. నాలుగు నిమిషాలు. ఒక్కోసారి మూడు.

* * *

ట్యాబ్ ఎంచుకోడానికి దుకాణానికి వెళ్ళే ముందు మాస్టారికి ఫోన్ చేసింది. చూపు లేనివాళ్ళకు స్క్రీన్ రీడర్ నేర్పే మనిషి. తనకూ చూపు లేదు. స్క్రీన్ రీడరంటే తెర మీద వేలు ఎక్కడుందో పైకి చదివి చెప్పే గొంతు. ఒకసారి తాకితే పేరు చెబుతుంది, రెండుసార్లు తడితే పని చేస్తుంది.

"పెట్టె తెరిచాక ఇంకొకరి చెయ్యి దాని మీద పడకూడదమ్మా," అన్నాడు మాస్టారు. "నువ్వే మాట్లాడించాలి. నోరు విప్పడానికే కళ్ళున్నవాడు కావాలంటే, రేపది మూగబోయినప్పుడూ కళ్ళున్నవాణ్ణే వెతుక్కోవాలి."

"ఇంకా?"

"వేలికీ మాటకీ మధ్య సందు చూడు. నీ వేలు పక్క బటన్ మీదికి జరిగాక ఇది పాత బటన్ పేరు చెబుతూ కూర్చుందనుకో, అంబులెన్సు అడిగినవాణ్ణి వంటశాలకు కలుపుతావు."

దుకాణం కుర్రాడు ఆపరేటరమ్మను కూర్చోబెట్టి, మాటలన్నీ వెంట వచ్చిన రేడియోతో మొదలుపెట్టాడు.

"మేడమ్‌గారికి ఏ రంగు ఇష్టమండీ?"

"మేడమ్ ఇక్కడే ఉంది. నోరుంది. ఆవిణ్ణే అడుగు," అంది రేడియో.

"దీంట్లో కెమెరా అదిరిపోతుందండీ," అన్నాడు ఈసారి ఆపరేటరమ్మ వైపు తిరిగి, కాస్త గట్టిగా, చెవుడు కూడా ఉందేమో అన్నట్టు.

"నా ఫొటో నేనే చూసుకోడానికా బాబూ?"

మొదటిదాన్ని తీసుకుని, మాట్లాడించడానికి శబ్దం పెంచే మీటా తగ్గించే మీటా కలిపి నొక్కి పట్టుకుంది. మాట్లాడలేదు. మళ్ళీ నొక్కింది. "ఇలా ఇవ్వండి, సెట్టింగ్స్‌లో నేను పెడతా," అంటూ కుర్రాడు చెయ్యి చాచాడు. ఆమె ట్యాబ్‌ను బల్ల మీద పెట్టేసి, "ఇంకోటి చూపించు," అంది. రెండోది మాట్లాడింది గానీ వేలు వెళ్ళాక తీరిగ్గా వెనక నడిచి వచ్చింది, పెళ్ళి అయిపోయాక దిగిన చుట్టంలా. ఇంకో రెండు చూసింది. ఒకటి తెలుగు పేర్లను నమిలి ఉమ్మింది. ఒకదానికి వైరు ఇయర్‌ఫోను పెట్టే కన్నమే లేదు.

అయిదోది మందంగా, పళ్ళెంలా చుట్టూ ఎత్తైన అంచుతో ఉంది. వేలు జారి బయటికి పోదు. మీటలు నొక్కిన మూడు క్షణాలకు గొంతు విప్పింది. వేలు ఆనితే చాలు, మాట వచ్చేసింది.

"అది పాత మోడలండీ," అన్నాడు కుర్రాడు. "ఎవరూ తీసుకోరు."

"నన్నూ ఎవరూ తీసుకోలేదు బాబూ. మా ఇద్దరికీ బాగా కుదురుతుంది. ఇదే ఇచ్చెయ్."

రేడియో పగలబడి నవ్వింది. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో మాత్రం ఎందుకో మాట్లాడలేదు.

* * *

మర్నాడు ఆసుపత్రి ప్రోగ్రాము అందులో ఎక్కించారు. ఆపరేటరమ్మ వేలు పెట్టింది.

"బటన్," అంది గొంతు. పక్కకు జరిపింది. "బటన్." ఇంకా పక్కకు. "బటన్."

అన్ని బటన్లకూ అదే మాట. తయారుచేసినవాళ్ళు ప్రతి బటన్ మీదా ముచ్చటగా ఒక బొమ్మ వేసి వదిలేశారు. పేరు పెట్టలేదు. కళ్ళున్నవాళ్ళకు బొమ్మ చాలు. స్క్రీన్ రీడర్ దేన్ని చదువుతుంది?

సాయంత్రం మాస్టారు దారి చెప్పాడు. బటన్ మీద వేలుంచి మన పేరు మనమే రాసుకోవచ్చు. కాకపోతే అది ఏ బటనో ఒక్కసారి ఎవరైనా చూసి చెప్పాలి.

రేడియో చూసి చెప్పింది. నాలుగు రోజులు. యాభై రెండు బటన్లు. "ఇది ఎముకల వార్డక్కా. బొమ్మ చూస్తే కుక్క తినే బొమికలా ఉంది." ఆపరేటరమ్మ పేరు చెబితే ట్యాబ్ రాసుకునేది. "ఇది లాండ్రీ. ఇది ఈరోజు లిస్టు. ఇదేమో మన సూపరింటెండెంటు గది."

"సూపరింటెండెంటు," అని మొదలుపెట్టింది ఆపరేటరమ్మ.

"అంత పొడుగు పేరు అది చదివేలోపు ఆయన రిటైరవుతాడు. పులిబోను అని పెట్టు."

పెట్టింది. ఇద్దరూ చాలాసేపు నవ్వుకున్నారు.

ఆపరేటరమ్మ రోజుకు కాస్త చొప్పున గొంతు వేగం పెంచుకుంటూ పోయింది. గురువారానికి అది రేకుల మీద వడగళ్ళు పడ్డట్టు వినిపించేది. మాస్టారు చెప్పినట్టు తెరను కూడా పూర్తిగా నల్లగా చేసేసింది. వెనక ఎవరో నిలబడి రోగుల వివరాలు చూసే అవకాశం ఉండదు, ఛార్జింగూ మిగులుతుంది.

"ఇది తిడుతోందా పొగుడుతోందా అక్కా?" అంది రేడియో చెవి దగ్గర పెట్టుకుని. "నాకొక్క ముక్క అర్థమయితే ఒట్టు."

"నాకర్థమవుతోందిగా."

అన్నాక తెలిసింది ఆపరేటరమ్మకు, ఆ గదిలో తనకు తెలిసి రేడియోకు తెలియని విషయం ఇదే మొదటిదని. రేడియో కుర్చీ కాస్త వెనక్కి జరిగిన చప్పుడయింది.

* * *

శుక్రవారం. పదకొండు.

"ఇది ఆన్ చెయ్యలేదేం?" సూపరింటెండెంటు మొదటి ప్రశ్న.

"ఆన్‌లోనే ఉందండీ."

"తెర నల్లగా ఉంటేనూ!"

"నాకెప్పుడూ నల్లగానే ఉంటుందండీ. పిల్లల వార్డు కలపమంటారా?" కలిపింది. అవతల నర్సు పలికింది.

ఆయన గొంతు మారింది. "ఆర్పేసిన తెర మీద ఎలా కలిపారు? మీ రేడియో కాలితో సైగ చేస్తోందా? నువ్వు బయటికి వెళ్ళమ్మా."

"నేను నోరు మూసుక్కూర్చుంటా సార్," అంది రేడియో.

"అది జరిగే పని కాదు గానీ, వెళ్ళు."

తలుపు మూసుకుంది. ఆపరేటరమ్మ ట్యాబ్‌ను దగ్గరికి లాక్కుంది.

"ఆ ఇయర్‌ఫోను కూడా తీసెయ్యండి. మీకేం వినిపిస్తోందో నాకూ వినపడాలి."

తీసింది. వడగళ్ళు గదినిండా పడ్డాయి.

"చెడిపోయిందా ఇది?"

"లేదండీ. అది నా వేగం."

"మనుషులు మాట్లాడే వేగంలో పెట్టండి."

పెట్టింది. అక్కడే వచ్చింది చిక్కు. ఆమె వేళ్ళు పరుగుకు అలవాటు పడ్డాయి. గొంతేమో ఇప్పుడు దీర్ఘాలు తీస్తోంది. ఎముకల వార్డు అని ఆయన అనగానే వేలు ఉరికింది, గొంతు వెనకబడింది, ఆమె తట్టింది. "లాండ్రీ," అంది అవతల మగగొంతు.

"ఒక తప్పు," అన్నాడాయన. "మూడయితే మేడ మీదికి."

రెండో తప్పుకు అట్టే సమయం పట్టలేదు. ఎక్స్‌రే బదులు మందుల కౌంటరు.

ఆపరేటరమ్మ చెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. మేడ మీది స్టూలు కళ్ళకు కట్టింది అనడానికి లేదు. కూర్చున్నచోటే తగిలింది.

"అయ్యా, ఒక్క మాట. ఇది మీకోసం నెమ్మదిగా వినిపించాలా, రోగి కోసం త్వరగా కలపాలా?"

ఆయన పెన్ను బల్ల మీద టకటకలాడింది. తర్వాత, "ఆఖరిది నెమ్మదిగానే కానివ్వండి," అన్నాడు. "నా గదికి కలపండి."

యాభై రెండింటిలో ఇదే అడగాలా! ఆమె వేలిని అంచు వెంట దింపింది. ఆగింది. గొంతు ఒక్కో అక్షరాన్నీ ఒత్తి, బడిలో పిల్లవాడు పాఠం అప్పజెప్పినట్టు పలికింది.

"పు... లి... బో... ను."

తలుపు అవతల ఎవరో నవ్వు ఆపుకోలేక దగ్గారు.

"పులి ఇక్కడే ఉంది," అన్నాడు సూపరింటెండెంటు. "బోను ఖాళీ. అయినా కలపండి. ఆ తర్వాత ఇయర్‌ఫోను పెట్టుకుని మీ వేగంలో చేసి చూపించండి."

పది నిమిషాల్లో ఇరవై కాల్స్. ఒక్కటీ తప్పలేదు.

"అయితే మీకింక పక్కన మనిషి సాయం అక్కర్లేదన్నమాట."

"అక్కర్లేదండీ!"

ఆయన మాట పూర్తికాకముందే అనేసింది. పుట్టాక అంత గర్వంగా ఏ మాటా అనలేదు. ఆయన కాగితం మీద ఏదో రాసుకున్నాడు. పెన్ను చప్పుడు తప్ప ఆమెకేమీ తెలియలేదు.

* * *

సోమవారం ఏడున్నరకే వచ్చి కూర్చుంది. గదిలో ఎవరూ లేరు. ఈరోజు లిస్టు అన్న బటన్ మీద వేలు పెట్టి రెండుసార్లు తట్టింది. కాగితంగా వచ్చే లిస్టు ఆ రోజు నుంచి ట్యాబ్‌లోకీ వస్తోంది. ఎవరూ చదివిపెట్టకుండా తనంతట తానుగా డ్యూటీ లిస్టు చదవడం అదే మొదటిసారి. నర్సుల కబుర్లు, కొత్త బూట్లు ఏమీ లేని లిస్టు. నాలుగు నిమిషాల్లో అయిపోయింది. తమ్ముడి ఫోనంత.

లిస్టులో నలభై ఏడో లైను దగ్గర వేలు దాటిపోయి, వెనక్కి వచ్చింది.

"టెలిఫోన్ గది అసిస్టెంటు, రేపటి నుంచి రెండో అంతస్తు టోకెన్ల కౌంటరుకు. ఈ గదిలో పోస్టు రద్దు."

వేగం తగ్గించి మళ్ళీ విన్నది. ఇంకా తగ్గించి మళ్ళీ విన్నది. ఎంత తగ్గించినా మాటలు మారలేదు.

ఎనిమిదికి రేడియో వచ్చింది. చెప్పులు, సంచీ, కుర్చీ, కాగితం రెపరెప, అన్నీ ఎప్పటిలాగే.

"చెప్పనా అక్కా, లిస్టు? ఇవాళ పెద్ద డాక్టరుగారు సెలవంట. పెళ్ళాం ఊరి నుంచి దిగుంటుంది."

చదువుతూ పోయింది. ఆపరేటరమ్మ ఒళ్ళో వేళ్ళు మడుస్తూ లైన్లు లెక్కపెట్టింది. నలభై అయిదు. నలభై ఆరు, పిల్లల వార్డు ఆయా మధ్యాహ్నం నుంచి. రేడియో మంచినీళ్ళు తాగింది. సీసా మూత బిగించడానికి కొంచెం ఎక్కువసేపు పట్టింది.

"ఆఁ, తర్వాత... గేటు దగ్గర కాపలావాళ్ళు ఇద్దరు అటూ ఇటూ మారారు."

అది నలభై ఎనిమిది.

యాభై రెండు బటన్లకూ పేర్లు పెట్టించిన మనిషి, అందులో లిస్టు కూడా ఒకటని మరిచిపోయింది.

"అంతేనా?" అంది ఆపరేటరమ్మ.

"అంతే అక్కా. ఎప్పుడైనా నీ దగ్గర నేనేమన్నా దాచానా?"

లేదనబోయి ఆగింది. మూడేళ్ళ కిందట ఆసుపత్రి కొత్త బ్రాంచిలో హెడ్ ఆపరేటరు పోస్టు పడిందని, దరఖాస్తుల గడువు దాటిన నెలకు గానీ ఆమెకు తెలియలేదు. లిస్టులో రాలేదేమో అక్కా, వస్తే చదవనా అంది రేడియో అప్పుడు. ఆ రోజంతా మామూలుకన్నా ఎక్కువగా నవ్వించింది కూడా.

ఇప్పుడు అడగవచ్చు. అడిగితే రెండో అంతస్తుకు వెళ్ళేలోపు మిగిలిన ఈ ఒక్క రోజూ పోతుంది.

"రేపెన్నింటికి వస్తావే?" అంది.

"రోజూ ఎన్నింటికొస్తాను? ఎనిమిదికి."

"సరే అయితే," అంది ఆపరేటరమ్మ. "ఆ పెద్ద డాక్టరు పెళ్ళాం సంగతేంటో చెప్పు."

రేడియో చెప్పడం మొదలుపెట్టింది. అంతలో ఫోను మోగింది.